దూరాలు చెప్పింది నేనే

మా అమ్మాయి నిర్మల సెమినారు మా ఇంట్లోనే పెట్టుకుంటామని పిల్లలు తీర్మానం చేసిన రోజునుంచే నాకు అన్నం సహించలేదు. ఏదో ఒకటి అవుతుందని మనసు చెబుతూనే ఉంది. పాము దూరుతుందేమో అనుకున్నాను. వచ్చే పిల్లల్లో ఎవరికైనా ఎండదెబ్బ తగిలితే వాళ్ల అమ్మానాన్నలకు ఏం సమాధానం చెప్పాలా అనుకున్నాను. నిర్మల నోరు ఎండిపోయి మాట రాక నిలబడిపోతుందేమో అనుకున్నాను. ఇన్ని అనుకున్నదాన్ని, అసలు జరిగింది మాత్రం అనుకోలేకపోయాను.

అది తొంభై రెండో సంవత్సరం, ఏప్రిల్ నెల. నిర్మల డిగ్రీ ఆఖరు ఏడు. లెక్కలూ కంప్యూటర్లూ కలిసిన చదువు. కాలేజీలో కంప్యూటర్ సారు బదిలీ చేయించుకుని వెళ్లిపోయి ఏడాది దాటింది. అడవి పక్క ఉద్యోగం అంటే ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. మిగిలింది లెక్కల సారు ఒక్కరే. ఆయన పిల్లల్ని పిలిచి, "నాకు ఆ పెట్టె ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెల్వదు. మీ సెమినార్లు మీరే చెప్పుకోండి. మీలో మీరే ప్రశ్నలు అడుక్కోండి. అందరూ సంతకాలు పెట్టి కాగితం తెస్తే బయటి పరీక్ష సారు ముందు పెడత" అన్నారట. పరీక్షల సెలవులకు కాలేజీ గదులు తాళాలు వేసేశారు. అందుకని ఒక్కొక్కరి సెమినారు ఒక్కొక్కరి ఇంట్లో.

మొత్తం ఎనిమిదిమంది. వాళ్లకు పెద్ద మున్వర్. ములకలపల్లిలో బట్టల కొట్టు వాళ్లబ్బాయి. కట్టుబాట్లు రాసింది అతనే. మొదలుపెట్టిన సెమినారు మధ్యలో ఆపకూడదు. ప్రతివాళ్లూ ఒక ప్రశ్న అడిగి తీరాలి. చూపించిన ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు ఇచ్చారో పేరుతో సహా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ అంకె కొట్టేస్తారు. నా భయమంతా ఈ మూడో దాని దగ్గరే.

మా ఆయన చెంచురామయ్య బీడీల తునికాకు కంట్రాక్టరు కింద కళ్లం చూసుకునే కళ్లేదారు. ఎండాకాలం వస్తే అడవిలో జనం ఆకు కోసి, కట్టలు కట్టి, కళ్లానికి తెస్తారు. అక్కడ వరుసగా పరిచి ఎండబెట్టి, బస్తాలకెత్తి, లారీలో గోదాముకు పంపుతారు. మా చుట్టుపక్కల అట్లాంటి కళ్లాలు పద్నాలుగు. ఏ కళ్లంనుంచి ఏ కళ్లం మీదుగా వెళితే గోదాము దగ్గర పడుతుందో కంప్యూటరు చేత చెప్పిస్తానని నిర్మల పట్టుకుంది. కాలేజీలో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి పనిచేస్తే చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, వంతు ప్రకారం గంట గంట కూర్చుని, చివరికి అంచులకు చిల్లులున్న పొడుగు కాగితం మీద జవాబు అచ్చు వేయించి తెచ్చుకుంది.

కానీ అడవి బాటలకు మైలురాళ్లు ఎక్కడున్నాయి? ఆ దూరాలు చెప్పింది జంపయ్య. మద్దిగుంపు కోయాయన. మా కళ్లంలో ఆకు తిరగేసే పని చేస్తాడు. మా అరుగు మీద కూర్చుని, "ఈడికెల్లి ఎర్రవాగు కళ్లానికి చుట్టన్నర. ఆడికెల్లి రాళ్లగూడెం రెండు చుట్టలు" అని చెప్పుకుంటూ పోయాడు. చుట్ట ముట్టించి నడక మొదలుపెడితే, అది అయిపోయేసరికి ఎంత దూరం పోతామో అది ఒక చుట్ట. ఆయన కొలత అదే. నిర్మల ఒకనాడు తాడు పట్టుకుని ఆయన వెంట నడిచి, చుట్టకు ఏడు ఫర్లాంగులని తేల్చింది. నెల రోజులు పొద్దూ మాపూ ఇంట్లో అదే పాఠం. నోట్‌బుక్ నా చేతికిచ్చి, తను గోడకేసి తిరిగి అప్పజెప్పేది. నేను అయిదో తరగతి చదివినదాన్ని. అయినా నెలరోజులు విన్నదాన్ని. ఆ అంకెలు నిద్దట్లో లేపి అడిగినా చెప్పేటట్టు అయ్యాను.

కిందటి ఎండాకాలం జంపయ్యను పోలీసులు పట్టుకుపోయారు. అడవిలో నక్సలైటు అన్నలకు బియ్యం ఇచ్చాడని. నాలుగో రోజు వదిలారు. కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. ఆకు కట్ట ఎడమచేత్తోనే ఎత్తుతాడు. అడవి బాటలన్నీ విప్పి చెప్పింది ఈయనేనని ఒక కాగితం మీద పేరు పడితే, ఈసారి మనిషి తిరిగి వస్తాడా?

ఆ పొద్దున కూడా చెప్పి చూశాను.

"బిడ్డా, ఆయన పేరొద్దు. ఎవరో చెప్పిన్రు అను."

"ఎవరో అంటే మున్వర్ అంకెలన్నీ కొట్టేస్తడమ్మా. పద్నాలుగు కళ్లాలు పాయె, నా సెమినారు పాయె."

"పోతే పోనీ."

"పోతే డిగ్రీ కూడా పోతది. పొమ్మంటవా?"

పొమ్మని ఎలా అంటాను? అట్లని పేరు చెప్పమనీ అనలేకపోయాను.

పది గంటలకు పిల్లలు సైకిళ్ల మీద వచ్చారు. గోడకు తెల్ల చార్టు అంటించారు. కళ్లాలకు పద్నాలుగు గుండ్రాలు, మా ఇంటికొకటి, గోదాముకొకటి, వాటి మధ్య గీతలు, గీతల మీద అంకెలు. ఈ రోజుల్లో ఇంతమంది ఆడామగా పడుచువాళ్లు ఒక ఇంట్లో కూడి, గోడకు అడవి బాటల పటం పెట్టుకుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? నేను ఊరుకోలేదు. సైకిళ్లన్నీ కొట్టంలోకి తోయించి మీద గడ్డి కప్పాను. వాకిట్లో చెప్పులన్నీ గంపలోకి ఏరి పెరట్లో పెట్టాను. వీధి తలుపు గడియ వేశాను. కిటికీలు మూశాను.

"చిన్నమ్మా, ఉడికి చస్తం గద! ఆకుకు బదులు మమ్ముల ఎండబెడ్తవా?" అన్నాడు మున్వర్.

"ఎండితే ఎండుండ్రి. గొంతు తగ్గించి చెప్పుకోండి" అన్నాను.

నిర్మల మొదలుపెట్టింది. భయపడ్డట్టు నోరేమీ ఎండలేదు. ఒక గుండ్రం మీద వేలు పెట్టి, అక్కడినుంచి బయలుదేరి, ఏ దారి దగ్గరో ఒక్కొక్కటే తేల్చుకుంటూ, తేలినదాని చుట్టూ ఎర్ర పెన్సిల్ తిప్పుతూ పోతోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇస్మత్ అని ఇంకో పిల్ల, కొంటెది, చేయెత్తింది.

"చుట్టకు ఏడు ఫర్లాంగులంటివి. చెప్పినాయన ఆ రోజు కోపంల ఉండి గబగబ పీల్చిండనుకో? దూరం తగ్గిపోతదా?"

అందరూ నవ్వారు. నిర్మల కూడా నవ్వుతూ జవాబు చెప్పబోయింది. అప్పుడే వీధి తలుపు దబదబ మోగింది.

మున్వర్ లేచి గడియ తీశాడు. హెడ్ కానిస్టేబులు. వెనక ఇంకో ఇద్దరు. హెడ్డు లోపలికి వచ్చి, గోడ వంక చూసి, పిల్లల వంక చూసి, మెల్లగా కుర్చీ లాక్కున్నాడు.

"ఏందమ్మా, ఎండకాలంల తలుపులు కిటికీలు బిగించుకొని ఏం జేస్తున్నరు?"

"పిల్లలు... చదువుకుంటున్రయ్యా."

"చదువుకుంటే మంచిదే. మరి సైకిళ్ల మీద గడ్డెందుకు? బాట మీదికెల్లి హాండిళ్లు కనబడుతున్నయి. చెప్పులు యాడ? ఇంతమంది వట్టి కాళ్లతోని వచ్చిన్రా?"

తలుపులు తీసి, చెప్పులు వాకిట్లో ఉండనిచ్చి ఉంటే ఆయన తన దారిన పోయేవాడే. దాచిపెట్టి నేనే పిలిచాను. ఆ మాట ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు.

మున్వర్ భయపడినట్టు కనపడలేదు. "సార్, ఇది సెమినార్. మొదలుపెడితే మధ్యల ఆపొద్దని మా రూలు. కూసోండి, మీరు గూడ వినండి" అన్నాడు.

"ఆపకుండ్రి. చెప్పమ్మా చెప్పు."

నిర్మల చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఆయన కాళ్లు చాపుకుని శ్రద్ధగా విన్నాడు. చిల్లుల కాగితం చేతిలోకి తీసుకుని, మడత విప్పి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గీ అంకెలేంది?"

"దూరాలు సార్. చుట్టలను ఫర్లాంగులు చేసిన."

"చుట్టలేంది?"

నిర్మల చెప్పింది. చెబుతూ చెబుతూ ఎక్కడికి పోతోందో దానికే అర్థమై సగంలో ఆగింది.

"మంచిగున్నది" అన్నాడు హెడ్డు. "మా ఫారెస్టోళ్ల పటంల గూడ గీ బాటలు లెవ్వు. ఇవన్ని చుట్ట తాగుకుంట తిరిగిన మనిషెవరు?"

పిల్లలందరికీ జంపయ్య తెలుసు. మా అరుగు మీద చూసినవాళ్లే. నిర్మల నా వంక చూసింది. దానికి అబద్ధం ఆడటం రాదు. చిన్నప్పటినుంచీ అంతే, అడిగితే నిజం చెప్పేస్తుంది. పెదవులు విడుతున్నాయి.

"నేనేనయ్యా" అన్నాను. "దూరాలు చెప్పింది నేనే."

హెడ్డు వెనక్కి తిరిగాడు. "నువ్వా? చుట్ట తాగుతవా?"

"తాగుత."

"ఎర్రవాగుకెల్లి రాళ్లగూడెం?"

"రెండు చుట్టలు."

"రాళ్లగూడెంకెల్లి కొత్తగుంపు?"

"ముప్పావు చుట్ట. వాన పడితే చుట్ట. వాగు చుట్టుతిరిగి పోవాలె."

ఒకటి తరవాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను. పద్నాలుగు కళ్లాల్లో ఒక్కదాన్నీ నేను కళ్లతో చూడలేదు. పాల్వంచ బస్సెక్కడానికి తప్ప ఇల్లు దాటి ఎరగను. మా ఆయన పని చేసే కళ్లానికి కూడా సద్ది మోసుకుపోయేది జంపయ్యే.

హెడ్డు జేబులోంచి చుట్ట తీశాడు. అగ్గిపెట్టె కూడా. రెండూ నా చేతిలో పెట్టాడు.

"మీ కళ్లం ఈడికి ఎంత?"

"ఒక చుట్ట."

"ముట్టించు. నడువు. కళ్లం కాడ అయిపోతే నీ మాట నిజం. కాకపోతే నిజం చెప్పే మనిషెవరో నేను ఎతుక్కుంట."

పిల్లలముందు, మున్వర్ ముందు, వీధిలో మొగవాళ్లముందు చుట్ట ముట్టించాను. మా అత్త చాటుగా తాగేది. పొయ్యిలోంచి కొరివి తీసి ఆమె చుట్టకు అందించినదాన్ని కాబట్టి ముట్టించడం తెలుసు. మొదటి గుక్కకే కళ్లవెంట నీళ్లు కారాయి. తలకొంగు ముఖానికి లాక్కుని నడిచాను. వెనక హెడ్డు, కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక నిర్మల. మిగతా పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టారు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఎదురైనవాళ్లంతా నిలబడిపోయి చూశారు. కరణంగారి కోడలు నోటిమీద చేయి వేసుకుంది. దగ్గు వస్తే మింగాను. దగ్గితే తాగే మనిషిని కాదని తెలిసిపోతుంది. గట్టిగా పీలిస్తే చుట్ట ముందే అయిపోతుంది, పీల్చకపోతే ఆరిపోతుంది. పది అడుగులకొక గుక్క అని పెట్టుకున్నాను.

మద్దిచెట్లు మొదలైన చోట బాట రెండుగా చీలింది.

నెల రోజులు నేను నేర్చుకున్నవన్నీ దూరాలే. ఏ పక్కకు తిరగాలో నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. చార్టు మీద ఇంటినుంచి కళ్లానికి ఒక తిన్నని గీత, దాని మీద ఏడు అని అంకె. అంతే. నిర్మలకు దారి తెలుసు. కానీ అది మూడడుగుల వెనక ఉంది, మధ్యలో ముగ్గురు పోలీసులు.

"ఏం, ఆగినవ్?"

"చుట్ట ఆరుతున్నదయ్యా" అని, గాలికి చేయి అడ్డం పెట్టుకుని వంగాను. వంగినప్పుడు నేల కనపడింది. కుడి బాట మీద దుమ్ము మెత్తగా, మీద మేకల గిట్టలు. ఎడమ బాట మీద మనుషుల అడుగులు, వాటి మధ్య ఒక నార పోగు, ఇంకా వాడని రెండు తునికాకులు. పొద్దున కట్టలు మోసుకుపోయినవాళ్ల నెత్తిమీదినుంచి జారినవి.

ఎడమవైపు నడిచాను. ఆ తరవాత ఎక్కడ ఆకు కనపడితే అటు. తల ఎత్తలేదు.

కళ్లం కనపడేసరికి చుట్ట వేళ్లు కాలుస్తోంది. ఆకు కట్టలు నేలంతా వరుసలుగా పరిచి ఉన్నాయి. వాటి మధ్య వంగి జంపయ్య ఎడమచేత్తో తిరగేస్తున్నాడు. మా ఆయన లారీ వెంట పాల్వంచ వెళ్లాడు. పోలీసుల్ని చూసి ఆకు తెచ్చినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

హెడ్డు నా చేతిలో పీక తీసుకుని చూసి పారేశాడు. జంపయ్యను పిలిచాడు.

"ఈమెను ఎరుగుదువా?"

"మా కళ్లేదారు ఇంటామె."

"చుట్ట తాగుతదా?"

జంపయ్య నా ముఖం చూశాడు. కారుతున్న కళ్లు చూశాడు. నా వెనక నిర్మలను చూశాడు. తాగదు అంటే నేను అబద్ధాలకోరును. ఎరగను అన్నా అంతే.

"తాగుతదా అంటవేంది సారూ! నా కాడనే అడిగి గుంజుకుంటది. కళ్లేదారుకు చెప్తే కోపం జేస్తడని చెప్తలేను. మీరు గూడ చెప్పకుండ్రి."

ఆకు తెచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. హెడ్డు కూడా నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను. బతికాం అనుకున్నాను. నిర్మల వచ్చి నా చేయి పట్టుకుంది.

"సరేనమ్మా, ఒప్పుకుంటున్న" అన్నాడు హెడ్డు. "నీ బిడ్డ కాగితం నీకిచ్చేస్త. చదువుకునే పిల్ల, ఎందుకు ఖరాబు చేస్త?" చిల్లుల కాగితం నిర్మలకు ఇచ్చి, జేబులోంచి తన చిన్న పుస్తకం తీశాడు. "పేరు?"

"సీతారావమ్మ."

"సీతారావమ్మా, గిన్ని బాటలు తెలిసిన మనిషి మా కాడ లేడు. నువ్వు ఆడమనిషివి, నిన్నెవడు అనుమానపడడు. ఇగ నుంచి సోమవారం సోమవారం స్టేషన్‌కు రా. ఏ బాట మీద ఎవరు పోయిన్రు, ఏ కళ్లం కాడ ఎవరు అన్నం తిన్నరు, చెప్పి పో. పదకొండు దాటొద్దు. రాకపోతే నేనే మీ ఇంటికొస్త."

ఆయన పుస్తకం మూసి వెళ్లిపోయాడు. కళ్లంలో ఉన్న ఇరవైమందీ ఆ మాట విన్నారు. అప్పటిదాకా నవ్విన ఆడవాళ్లు నా వంక చూడకుండా కట్టలు దించుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. పోలీసులకు కబుర్లు చెప్పేవాళ్లను అన్నలు ఏం చేస్తారో మా ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. జంపయ్య దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"నా పేరే చెప్పకపోతివా అక్కా. నాకు దెబ్బలు అలవాటే."

సెమినారు ఆ సాయంత్రం మళ్లీ కూర్చుని పూర్తిచేశారు. మధ్యలో ఆపకూడదన్న కట్టుబాటు ఒక్కసారికి సడలించామని మున్వర్ కాగితం మీద రాశాడు. చివర్న దూరాలు ఇచ్చినవాళ్ల పేరు దగ్గర నిర్మల పెన్ను ఆపి నా వంక చూసింది.

"రాయి" అన్నాను.

"అబద్ధం కదమ్మా."

"పోలీసు పుస్తకంల ఒక తీరు, నీ పుస్తకంల ఒక తీరు ఉంటే రేపు రెండు పక్కపక్కన పెట్టి చూస్తరు. రాయి."

రాసింది. ఎనిమిదిమందీ సంతకాలు పెట్టారు. బయటినుంచి వచ్చిన సారు అందరికన్నా ఎక్కువ మార్కులు దానికే వేశారట. ఆ పేరు చూసి, "మీ అమ్మగారా! ఏమ్మా, ఎంత అదృష్టవంతురాలివి" అన్నారట. ఆ మాట ఇంటికొచ్చి చెబుతూ అది ఏడ్చింది.

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు స్టేషన్ ఉన్న పాల్వంచకు బస్సు టైము అడిగి తెలుసుకొచ్చి చెప్పాడు. అంతకుమించి ఆయన మాత్రం ఏం చేయగలడు?

మొదటి సోమవారం వెళ్లాను. స్టేషన్ బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. "ఏం సంగతమ్మా?" అంటే, "ఆకు పలచగున్నదయ్యా. ఎవ్వరు కనబడలే" అన్నాను. "మళ్ల వారం మంచిగ చూడు" అన్నాడు. రెండో సోమవారం, "రెండు ఎడ్లబండ్లు పోయినయి" అన్నాను. మూడో వారానికి ఏం చెప్పాలో ఆదివారమంతా ఆలోచించాను. ఉత్తచేతులతో పోతే నా మాట మీద అనుమానం వచ్చి ఆయన జంపయ్య కోసం మద్దిగుంపు పోతాడు. ఏదైనా చెబితే అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు.

మూడో సోమవారం బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయి. భుజాన సంచి. మంచి మనిషిలాగే ఉన్నాడు. కిటికీ రెక్క దించలేకపోతుంటే సాయం చేశాడు.

"పెద్దమ్మా, పోయిన సోమవారం గూడ ఇదే బస్సెక్కినవ్ గద?"

"అవ్ నాయనా."

"అంతకు ముందు సోమవారం గూడ."

"దవాఖానకు" అన్నాను. ఆయన అడగకముందే అన్నాను.

"అయ్యో. ఏం కష్టం?"

"ఆయాసం."

"ఏ డాక్టరుకు చూపిస్తున్నవ్?"

ఆ ఊళ్లో ఒక్క డాక్టరు పేరు కూడా నాకు తెలియదు. తెల్లకోటు వేసుకుంటాడు, కళ్లద్దాలు ఉంటాయి అని ఏదో అన్నాను. ఆయన తల ఊపాడు. ఊసుపోక అడిగినవాడో, అన్నలు పంపిన మనిషో ఆ ముఖంలో నాకు కనపడలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడ దిగుతాడో చెప్పలేదు.

స్టేషన్ స్టాపు వచ్చింది. బస్సు ఆగింది. దిగితే ఎటు నడుస్తానో ఆయన చూస్తాడు. ఆ స్టాపులో దవాఖాన లేదు. ఉన్నదల్లా స్టేషన్, దాని పక్కన ఒక సోడా బండి. దిగకపోతే పదకొండు దాటుతుంది. హెడ్డు మా ఇంటికి వస్తాడు. ఇంట్లో నిర్మల ఒక్కతే ఉంది.

"ఏం పెద్దమ్మా, దిగేదున్నదా?" అని కండక్టరు అరిచాడు.

ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచాను. ఆయన కాళ్లు పక్కకు తీసి దారి ఇచ్చాడు. నేను దాటలేదు, కూర్చోనూ లేదు.

"జల్దీ చెప్పు. ఇంకా ఎంతసేపు ఆపాలె?" అన్నాడు కండక్టరు.

బస్సులో అందరూ నా వంకే చూస్తున్నారు.